బ్యాటరీ మార్చే ముందు చార్జింగ్ చూసుకోండి

తెల్లవారుజాము మూడున్నర గంటలు. తోటకూర, పాలకూర, మెంతికూర కట్టలు రెండు గోనె సంచుల్లో పేర్చి బండికి అటొకటి ఇటొకటి కట్టారు. ఐదు లోపల కర్నూలు సి.క్యాంపు రైతుబజారులో ఉండాలి. సెల్ఫ్ నొక్కితే 'టిక్ టిక్' మని చప్పుడే గానీ ఇంజను తిరగదు. హారను నొక్కితే గొంతు పూడినట్టు మూలుగుతుంది. ఆకుకూర దాచుకునే సరుకు కాదు. ఎండ ఎక్కేకొద్దీ వాడుతుంది, ధర దిగుతుంది. ఆ రోజు కూలి, కోత ఖర్చు కూడా చేతికి రావు.

పాలు పోసే రైతుకూ ఇదే బాధ. రాత్రిపూట నీళ్లు కట్టడానికి పోయే రైతుకు ఇంకో బాధ ఉంది. గట్టు మీద లైటు మిణుకుమిణుకుమంటే ముందు పడుకున్న పాము కనబడదు. కనుక బండి బ్యాటరీ సంగతి చిన్న విషయం కాదు.

ఇలా జరిగినప్పుడు మనకు వచ్చే మొదటి మాట 'బ్యాటరీ పోయిందన్నా, కొత్తది వేయి' అని. వెయ్యికి పైనే పెట్టి కొత్తది వేస్తాం. రెండు మూడు నెలలు బాగుంటుంది. మళ్లీ అదే కథ. నా బండి సంగతే చెబుతాను. ఏడాది తిరగకుండానే రెండు బ్యాటరీలు కొన్నాను. మూడోసారి ఒక ముసలి మెకానిక్ దగ్గరికి పోతే ఆయన బ్యాటరీ ముట్టుకోనే లేదు. సీటు తీసి, పక్క మూత ఊడదీసి, వైర్లు కలిసే ఒక కప్లర్‌ను లాగి చూపించాడు. లోపల పిన్ను మాడి నల్లగా బొగ్గయి ఉంది. 'తొట్టి బాగానే ఉంది సారూ, పైపు మూసుకుపోయింది. తొట్లు మారుస్తా పోతే నీళ్లొస్తాయా?' అన్నాడు. ఆ మాట ఈ పాఠానికి మొదలు.

బండిలో కరెంటు ఎట్లా పుడుతుంది?

దీన్ని మన బోరుతో పోల్చుకుంటే సులువుగా అర్థమవుతుంది. ఇంజను తిరిగినప్పుడు దాని పక్కన ఉన్న మ్యాగ్నెట్ కూడా తిరుగుతుంది. మ్యాగ్నెట్ దగ్గర రాగి తీగ చుట్టిన కాయిల్ ఉంటుంది. అందులో కరెంటు పుడుతుంది. ఇది బోరు మోటారు వంటిది. ఇక్కడ పుట్టేది ఇంట్లో కరెంటు మాదిరి ఏసీ కరెంటు. బ్యాటరీకి ఏసీ పనికిరాదు, డీసీ కావాలి. అందుకని మధ్యలో ఆర్.ఆర్. యూనిట్ అనే చిన్న పెట్టె పెడతారు. అల్యూమినియం రెక్కలతో ఉంటుంది. అది ఏసీని డీసీగా మారుస్తుంది, ఎక్కువైన కరెంటును అదుపులో పెడుతుంది. ఇది గేటు వాల్వు వంటిది. అక్కడి నుంచి వైర్లు, కప్లర్లు, ఫ్యూజు దాటి కరెంటు బ్యాటరీకి చేరుతుంది. వైర్లు పైపులైను, బ్యాటరీ తొట్టి.

తొట్టిలో నీళ్లు లేవంటే కారణాలు నాలుగే. తొట్టి పగిలి ఉండాలి, లేదా మోటారు నీళ్లు ఎత్తకపోవాలి, లేదా పైపు మూసుకుపోవాలి, లేదా వచ్చినదానికంటే వాడుక ఎక్కువ కావాలి. బండిలోనూ ఈ నాలుగే. ఒక్కొక్కటీ వరుసగా చూసుకుంటూ పోతే తప్పు ఎక్కడుందో దొరికిపోతుంది.

పాత బండికీ కొత్త బండికీ తేడా

ముందు మీ బండి ఏ రకమో తెలుసుకోవాలి. కార్బొరేటర్ ఉన్న పాత 100 సీసీ బళ్లు చాలావాటిలో ప్లగ్గుకు నిప్పు నేరుగా మ్యాగ్నెట్ కాయిల్ నుంచే వస్తుంది. బ్యాటరీ చచ్చిపోయినా కిక్కు కొడితే స్టార్టవుతాయి. వాటిలో పెద్ద లైటు కూడా చాలావరకు కాయిల్ మీదే వెలుగుతుంది. అందుకే ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు లైటు తగ్గి, రేజ్ చేస్తే పెరుగుతుంది. అది రోగం కాదు, ఆ బండి తీరే అంత. ఇలాంటి బళ్లలో పెద్ద లైటు చూసి బ్యాటరీ బాగోగులు చెప్పకూడదు. హారను, ఇండికేటరు చూసి చెప్పాలి.

2017 ఏప్రిల్ నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు ఇంజను నడిచినంతసేపూ పెద్ద లైటు వెలిగే పద్ధతి వచ్చింది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 బళ్లు వచ్చాయి. వీటిలో ఎక్కువ వాటికి కార్బొరేటర్ బదులు ఇంజెక్షన్ ఉంటుంది. పెట్రోలు పంపు, కంప్యూటర్ పెట్టె కరెంటుతోనే పని చేస్తాయి. బ్యాటరీ పూర్తిగా దిగిపోతే వీటిలో చాలావాటిని కిక్కు కొట్టినా, తోసినా లాభం ఉండదు. కొత్త బండి ఉన్న రైతు బ్యాటరీని ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి.

ఏమేం కావాలి?

ఒక డిజిటల్ మీటరు కావాలి. ఎలక్ట్రికల్ షాపుల్లో చిన్న మీటర్లు మూడు నాలుగు వందల లోపే దొరుకుతాయి. నలుగురు రైతులు కలిసి ఒకటి కొనుక్కున్నా సరిపోతుంది. ఇంకా ఒక స్క్రూడ్రైవరు, 10 నంబరు పానా, పాత పళ్లు తోముకునే బ్రష్షు, కొంచెం వంటసోడా, వ్యాజలైన్, ఒక మంచి ఫ్యూజు దగ్గర పెట్టుకోండి.

బ్యాటరీలో ఉన్నది గంధకామ్లం. చేతికి పడితే కాలుతుంది, కంట్లో పడితే చూపు పోవచ్చు. పడితే వెంటనే ధారగా మంచినీళ్లతో కడగాలి. కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు కడిగి డాక్టరు దగ్గరికి పోవాలి. చార్జింగ్ ఎక్కేటప్పుడు బ్యాటరీ నుంచి మండే వాయువు వస్తుంది. దాని దగ్గర బీడీ, చుట్ట, అగ్గిపుల్ల పనికిరావు. బ్యాటరీ విప్పేటప్పుడు ముందు మైనస్ వైరు, తర్వాత ప్లస్ వైరు తీయాలి. బిగించేటప్పుడు ముందు ప్లస్, చివర మైనస్. ఈ వరుస తప్పితే పానా బండి ఇనుముకు తగిలి నిప్పులు రాలతాయి.

మొదటి మెట్టు: తొట్టిలో ఎంత ఉంది?

రాత్రి బండి ఆపి, పొద్దున్నే స్టార్ట్ చేయకముందు చూడాలి. మీటరును డీసీ 20 వోల్టుల మీద పెట్టండి. ఎర్ర పుల్ల ప్లస్‌కు, నల్ల పుల్ల మైనస్‌కు ఆనించండి.

12.6 నుంచి 12.8 చూపిస్తే బ్యాటరీ నిండుగా ఉంది. 12.4 అయితే ముప్పాతిక వంతు. 12.2 అయితే సగం. 12.0 అయితే పావు వంతు. 11.8 కంటే దిగితే ఖాళీ అయినట్టే లెక్క.

12 వోల్టుల బ్యాటరీలో ఆరు గదులుంటాయి. ఒక్కొక్క గది 2.1 వోల్టులు ఇస్తుంది. ఆరు కలిస్తే 12.6. బాగా చార్జింగ్ పెట్టి దించి, ఒక పూట ఆగి చూసినా 10.5 దగ్గరే ఆగిపోతుంటే అర్థమేమిటి? ఒక గది చచ్చిపోయింది. అటువంటి బ్యాటరీకి మందు లేదు, మార్చాల్సిందే.

వోల్టులు బాగా చూపించినా నమ్మడానికి లేదు. సెల్ఫ్ నొక్కుతూ మీటరు చూడాలి. 9.6 కంటే కిందికి పడిపోతుంటే లోపల సత్తువ లేదన్నమాట. పైకి నిండుగా కనబడి లోపల ఒండ్రు పేరుకున్న తొట్టి మాదిరి అది.

బ్యాటరీ ఖాళీగా ఉంటే ముందు బయట చార్జింగ్ పెట్టించి, నిండిన తర్వాతే మిగతా మెట్లు ఎక్కండి. ఖాళీ బ్యాటరీ పెట్టుకుని బండి చార్జింగ్ చూస్తే మీటరు తప్పు లెక్క చెబుతుంది.

రెండో మెట్టు: కొసలు, నీళ్లు, ఫ్యూజు

చాలా రోగాలు ఇక్కడే దొరుకుతాయి. బ్యాటరీ కొసల మీద తెల్లగా, పచ్చగా బూజు వంటిది పేరుకుని ఉంటే కరెంటు దాటదు. పొటాష్, డీఏపీ బస్తాలు వేసుకుని తిరిగే బళ్లకు, కోస్తాలో ఉప్పుగాలి తగిలే బళ్లకు ఇది తొందరగా పడుతుంది. వేడినీళ్లలో వంటసోడా కలిపి బ్రష్షుతో రుద్దండి. ఆ నీళ్లు గదుల్లోకి పోకుండా చూసుకోండి. ఆరాక గట్టిగా బిగించి, పైన వ్యాజలైన్ పలుచగా పూయండి. చేత్తో కదిపితే కొస కదలకూడదు.

మైనస్ వైరు ఇంకో చివర బండి ఫ్రేముకో ఇంజనుకో బిగించి ఉంటుంది. దమ్ము చేసిన పొలం నుంచి బురదతో వచ్చే బళ్లలో అక్కడ తుప్పు పడుతుంది. విప్పి, ఉప్పుకాగితంతో గీకి బిగించండి.

మూతలు తీసే రకం బ్యాటరీ అయితే పక్కన రెండు గీతలుంటాయి. నీళ్లు ఆ రెండింటి మధ్య ఉండాలి. తగ్గితే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. బోరు నీళ్లు, కాలువ నీళ్లు పోస్తే అందులోని ఉప్పులు పలకలను తినేస్తాయి. యాసిడ్ కూడా పోయరాదు. తగ్గింది నీళ్లు, యాసిడ్ కాదు. మూతలు లేని మెయింటెనెన్స్ ఫ్రీ బ్యాటరీని విప్పే ప్రయత్నం చేయవద్దు.

ఫ్యూజు తీసి వెలుతురులో చూడండి. తీగ తెగి ఉంటే అదే సైజు ఫ్యూజు వేయాలి. సిగరెట్ కాగితం చుట్టడం, రాగి తీగ కట్టడం చాలామందికి అలవాటు. రేపు ఎక్కడైనా షార్టయితే ఫ్యూజు పోవాల్సిన చోట వైరింగంతా కాలుతుంది. కొత్త ఫ్యూజు కూడా వెంటనే పోతుంటే ఎక్కడో వైరు ఇనుముకు తగులుతోందన్నమాట. ముందు అది వెతకాలి.

మూడో మెట్టు: తొట్టిలోకి నీళ్లు వస్తున్నాయా?

ఇది అన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష. ఒక్క నిమిషం పని. మీటరు మొదటి మాదిరే బ్యాటరీ కొసలకు పెట్టి ఇంజను స్టార్ట్ చేయండి. నెమ్మదిగా తిరిగేటప్పుడు అంకె కొంచెమైనా పెరగాలి. తర్వాత సగం దాకా రేజ్ చేసి పట్టుకోండి. సుమారు 13.5 నుంచి 14.8 మధ్య నిలబడితే చార్జింగ్ సరిగా ఉంది. అప్పుడు తప్పు బ్యాటరీలోనో, వాడుకలోనో, కరెంటు కారిపోవడంలోనో ఉంది.

రేజ్ చేసినా 12.5 దగ్గరే ఉండిపోతే, లేదా దిగుతూ పోతే చార్జింగ్ రావడం లేదు. కొత్త బ్యాటరీ వేసినా అది కూడా ఖాళీ అవుతుంది. నాలుగో మెట్టుకు పోవాలి.

15 దాటి పోతుంటే గేటు వాల్వు పనిచేయడం లేదు, అంటే ఆర్.ఆర్. యూనిట్ చెడింది. అతిగా పారిస్తే పైరు కుళ్లినట్టు బ్యాటరీ ఉడికిపోతుంది. నీళ్లు తొందరగా తగ్గడం, బ్యాటరీ పక్కలు ఉబ్బడం, కుళ్లిన గుడ్డు వాసన రావడం, బల్బులు మాటిమాటికీ మాడడం దీని గుర్తులు. ఆలస్యం చేయకుండా యూనిట్ మార్పించాలి.

నాలుగో మెట్టు: పైపులైను

ఆర్.ఆర్. యూనిట్ ఎక్కడుందో చూసుకోండి. కొన్నిటికి సీటు కింద, కొన్నిటికి పక్క మూత వెనక, కొన్నిటికి ముందు భాగంలో ఉంటుంది. దానికి వచ్చే కప్లర్లు ఒక్కొక్కటీ ఊడదీసి చూడండి. ప్లాస్టిక్కు కరిగినా, పిన్ను నల్లబడినా, పచ్చ చిలుము పట్టినా అదే దొంగ. కొట్టంలో గడ్డి పక్కన బండి పెట్టేవాళ్లు ఎలుకలు కొరికిన వైర్లు కూడా చూడాలి. హ్యాండిలు తిప్పేచోట వైర్లు లోపలే తెగుతుంటాయి, పైకి తొడుగు బాగానే కనిపిస్తుంది.

కంటికి కనబడని అడ్డును మీటరు పట్టిస్తుంది. ఇంజను సగం రేజ్‌లో ఉండగా ఒక పుల్ల బ్యాటరీ ప్లస్‌కు, ఇంకోటి యూనిట్ నుంచి వచ్చే ప్లస్ వైరుకు పెట్టండి. తేడా సున్నాకు దగ్గరగా ఉండాలి. 0.3 దాటితే ఆ దారిలో ఎక్కడో కరెంటు ఆగుతోంది. మైనస్ వైపు కూడా ఇట్లాగే చూడండి. హోండా తరహా వైరింగ్‌లో ఎరుపు ప్లస్, ఆకుపచ్చ ఎర్తు. మిగతా కంపెనీల రంగులు వేరు. తెలియకపోతే రంగును నమ్మి ముందుకు పోవద్దు, మెకానిక్‌ను అడగండి.

మాడిన కప్లర్‌ను గీకి మళ్లీ పెడితే నెల తిరగకుండా మళ్లీ మాడుతుంది. కొత్త పిన్నులు, కొత్త కప్లర్ వేయించాలి. ఖర్చు బ్యాటరీలో పదో వంతు కూడా కాదు.

ఐదో మెట్టు: మోటారు, గేటు వాల్వు

వైర్లు బాగున్నా చార్జింగ్ లేకపోతే మ్యాగ్నెట్ కాయిల్ చూడాలి. కాయిల్ నుంచి వచ్చే కప్లర్ ఊడదీసి, మీటరును ఏసీ 200 వోల్టుల మీద పెట్టి ఇంజను స్టార్ట్ చేయాలి. కొంచెం పెద్ద బళ్లకు ఒకే రంగువి మూడు వైర్లు ఉంటాయి. రెండేసి చొప్పున మూడుసార్లు చూడండి. మూడు అంకెలూ దాదాపు సమానంగా ఉండాలి, రేజ్ చేసేకొద్దీ పెరగాలి. రెండు సమానంగా ఉండి ఒకటి పడిపోతే కాయిల్‌లో ఒక చుట్టు కాలిపోయింది. ఈ పరీక్షలో వోల్టులు బాగా పెరుగుతాయి, పిన్నులను చేత్తో ముట్టుకోవద్దు.

మూడు వైర్ల కాయిల్‌కు ఇంకో పరీక్ష ఉంది. ఇంజను ఆపి, మీటరును బీప్ మనే చోట పెట్టి, ఒక పుల్ల వైరుకు, ఇంకోటి ఇంజను ఇనుముకు ఆనించండి. బీప్ రాకూడదు. వస్తే కాయిల్ ఎర్తయింది. కానీ పాత చిన్న బళ్లలో కాయిల్ ఒక చివరను కంపెనీయే ఎర్తుకు కలుపుతుంది. వాటికి ఈ బీప్ పరీక్ష వర్తించదు, ఊరికే మంచి కాయిల్ పారేసుకుంటారు.

ఫ్యూజు బాగుంది, వైర్లు బాగున్నాయి, కాయిల్ బాగుంది, అయినా బ్యాటరీకి చార్జింగ్ రాదు. అప్పుడు మిగిలింది ఆర్.ఆర్. యూనిట్ ఒక్కటే. ఈ వరుసలో పోతే తప్పకుండా దొరుకుతుంది. వరుస తప్పి ముందే యూనిట్ మార్చడం, కాయిల్ మార్చడం డబ్బు నీళ్లలో పోయడమే. కాయిల్ విప్పడం, మార్చడం మాత్రం మెకానిక్ పని. పరీక్ష మనం చేసుకుని పోతే ఏం మార్చాలో మనమే అడగవచ్చు.

ఆరో మెట్టు: కారిపోవడం

చార్జింగ్ బాగుంది, బ్యాటరీ బాగుంది. రాత్రి నిండుగా ఉన్నది తెల్లారేసరికి దిగుతోంది. అంటే తాళం తీసినా ఎక్కడో కరెంటు కారుతోంది. తాళం ఆపి, మైనస్ వైరు ఊడదీసి, ఆ వైరుకూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య మీటరు కలపాలి. మీటరు ఆంపియర్ల మీద, ముందు 10 ఆంపియర్ల రంధ్రంలో ఉండాలి. ఏమీ చూపకపోతే మిల్లీ ఆంపియర్లకు దించండి. కొన్ని మిల్లీ ఆంపియర్లు ఉంటే ఫరవాలేదు. అంతకంటే బాగా ఎక్కువ ఉంటే తర్వాత బిగించిన హారన్లు, లైట్లు, మొబైల్ చార్జర్ ఒక్కొక్కటీ ఊడదీస్తూ పోండి. ఏది తీసినప్పుడు అంకె పడిపోతుందో అదే కారణం. మీటరు ఇట్లా కలిపి ఉన్నప్పుడు తాళం తిప్పడం, సెల్ఫ్ నొక్కడం చేయరాదు, మీటరు పాడవుతుంది.

మీటరు లేకపోతే?

ఇంజను ఆపి ఇండికేటరు వేసి, హారను కొట్టి వినండి. తర్వాత ఇంజను స్టార్ట్ చేసి సగం రేజ్‌లో మళ్లీ చూడండి. ఇండికేటరు కాంతి, హారను గొంతు పెరిగితే చార్జింగ్ వస్తున్నట్టు. ఏ మార్పూ లేకపోతే రావడం లేదనుకోవచ్చు. కరెంటు కారుతోందో లేదో చూడడానికి మైనస్ వైరుకూ బ్యాటరీకీ మధ్య చిన్న 12 వోల్టుల బల్బు కలపండి. తాళం ఆపి ఉన్నా బల్బు కొంచెమైనా వెలిగితే పెద్ద లీకు ఉంది. వెలగకపోతే లీకే లేదని కాదు, చిన్న లీకును బల్బు చూపలేదు.

వాడుక లెక్క

కొన్నిసార్లు ఏ తప్పూ ఉండదు, వాడుకే ఎక్కువ. లెక్క చూద్దాం. సెల్ఫ్ మోటారు ఉజ్జాయింపుగా 50 ఆంపియర్లు లాగుతుందనుకోండి. మూడు సెకండ్లు నొక్కితే 150 అయింది. బ్యాటరీకి ఒక్క ఆంపియరు చార్జింగ్ వస్తుంటే ఆ 150 తిరిగి నిండడానికి 150 సెకండ్లు, అంటే రెండున్నర నిమిషాలు. దారిలో పోయేది కూడా కలుపుకుంటే మూడు నిమిషాలు పైనే. ఇంటి నుంచి పొలానికి రెండు నిమిషాల దారి. పొద్దున పోయి రావడం, మధ్యాహ్నం సద్ది, సాయంత్రం గడ్డి... రోజుకు ఆరుసార్లు సెల్ఫ్ నొక్కితే పోయింది ఎక్కువ, వచ్చింది తక్కువ. రోజూ కొంచెం కొంచెం దిగి వారం పది రోజులకు మొండికేస్తుంది.

దీనికి మందు పైసా ఖర్చు లేనిది. కిక్కు ఉన్న బండికి పొద్దున మొదటిసారి, దగ్గర దారులకు కిక్కే కొట్టండి. వారానికి ఒకసారైనా అరగంట ఆగకుండా నడపండి. నిలబెట్టి నెమ్మదిగా తిప్పితే పెద్దగా ఎక్కదు. అదనపు లైట్లు, పెద్ద హారన్లు తగిలిస్తే కాయిల్ ఆ బరువు మోయలేదు.

బయట చార్జింగ్ పెట్టేటప్పుడు

బ్యాటరీ మీద ఆంపియర్ గంటలు రాసి ఉంటాయి. అందులో పదో వంతు చొప్పున చార్జింగ్ పెట్టాలి. 5 రాసి ఉంటే అర ఆంపియరు, పది పన్నెండు గంటలు. ట్రాక్టరు బ్యాటరీల వరుసలో కలిపి గంటలో దించి ఇస్తామంటే ఒప్పుకోవద్దు. ఇంట్లో బ్యాటరీ స్ప్రేయర్ చార్జర్ ఉంది కదా అని రాత్రంతా తగిలించి పడుకోవడం కూడా మంచిది కాదు. దాని మీద ఎన్ని ఆంపియర్లో చూడండి. స్ప్రేయర్ బ్యాటరీ పెద్దది, దాని చార్జర్ చాలావరకు బండి బ్యాటరీకి ఎక్కువవుతుంది. స్ప్రేయర్‌ను బండి బ్యాటరీతో నడపడమూ మానాలి.

ఖాళీ బ్యాటరీని వారాల తరబడి వదిలేస్తే పలకల మీద తెల్లటి గట్టి పొర కడుతుంది, తర్వాత ఎంత చార్జింగ్ పెట్టినా ఎక్కదు. బండి నెల రోజులు పక్కన పెట్టేటట్టయితే మైనస్ వైరు తీసి ఉంచండి.

ఇవి చేయకండి

ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు తీసి 'చార్జింగ్ ఉందా లేదా' అని చూడడం పాత అలవాటు. వోల్టులు ఒక్కసారిగా లేచి బల్బులు, యూనిట్, కొత్త బళ్లలో కంప్యూటర్ పెట్టె కూడా పోవచ్చు. బ్యాటరీ లేకుండా బండి నడపకండి. ప్లస్ మైనస్ తారుమారు చేయకండి. వంకాయ తోటలో మందు పంపుతో బండి కడిగేటప్పుడు కప్లర్ల మీదికి జోరుగా నీళ్లు కొట్టకండి.

కొనక తప్పకపోతే

బ్యాటరీ నిజంగానే పోయిందని తేలితే బండి పుస్తకంలో రాసిన సైజే కొనండి. తయారైన నెల చూడండి, షాపులో ఎక్కువ కాలం మూలబడ్డది తీసుకోవద్దు. బిల్లు, వారంటీ కార్డు మీద తేదీ వేయించుకోండి. పాతది ఇచ్చి దాని విలువ తగ్గించమనండి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలను చెత్తలో పారేయకూడదు. లోపలి సీసం విషం. యాసిడ్ పొలంలో, చెరువులో పారబోస్తే ఆ మట్టికీ, నీళ్లు తాగే గొడ్డుకూ ముప్పే. కొత్త బ్యాటరీ బిగించిన రోజే మూడో మెట్టు పరీక్ష ఒకసారి చేయించండి. ఆ ఒక్క నిమిషం మానేసినందుకే నాకు రెండు బ్యాటరీలు దండగయ్యాయి.

ఆకులు పచ్చబడగానే మనం యూరియా చల్లం. వేరు చూస్తాం, పురుగు ఉందేమో చూస్తాం, నీరు నిలిచిందేమో చూస్తాం, తర్వాతే మందు. బండికి కూడా అదే వ్యవసాయం. ఈ ఆదివారం పని తెమిలాక సీటు తీసి ఒకసారి కొసలు, కప్లర్లు చూసుకోండి. సోమవారం తెల్లవారుజామున మూడున్నరకు సంచులు కట్టాక చూసుకుందామంటే అప్పటికి ఆలస్యమైపోతుంది.